సింగపూర్ మీద డిబేట్‌కి వెళ్లే ముందు ఇది చదువు, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు పంపిన నాలుగు పేజీలూ చదివాను. "స్వాతంత్ర్యానికి ముందే సింగపూర్ అభివృద్ధి చెందిందా" అనేది మీ కాలేజీవాళ్లు ఇచ్చిన టాపిక్, నీకు పడింది "లేదు" అనే పక్షం, అంతే కదా. మొదటి లైన్‌లోనే "1965లో సింగపూర్ చేపలు పట్టుకునే పల్లె" అని రాశావు. ముందు అది కొట్టెయ్. అమరావతి మాస్టర్ ప్లాన్ 2015లో సింగపూర్ వాళ్లు తయారుచేసి ఇచ్చారు కదా, అప్పట్నుంచీ మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట తెగ తిరుగుతోంది, చదివేవాళ్లకి వినసొంపుగా కూడా ఉంటుంది. కానీ ఎదుటి టీమ్‌లో కాస్త చదువుకుని వచ్చిన పిల్ల ఒక్కతి ఉన్నా చాలు, ఆ లైన్ పట్టుకుని నీకిచ్చిన టైమంతా తినేస్తుంది.

పల్లె అనాలంటే 1819 గురించి అనాలి. ఈస్టిండియా కంపెనీ అధికారి రాఫిల్స్ అక్కడ దిగిన ఏడాది అది, అప్పుడు ద్వీపంలో ఉన్నది ఓ వెయ్యి మంది. (ఇంకా వెనక్కి, 14వ శతాబ్దంలోకి వెళితే అక్కడ తెమాసెక్ అనే రేవు ఉండేదని తవ్వకాల్లో తేలింది, అంటే పల్లె కథ 1819కి కూడా పూర్తిగా అతకదు. డిబేట్‌లో ఇంత లోతు అక్కర్లేదులే.) సొంత దేశమైన 1965 నాటికి జనాభా దాదాపు 19 లక్షలు. మెడికల్ స్కూల్ 1905లోనే పెట్టారు. కలాంగ్ విమానాశ్రయం 1937లో, ఏసీ సినిమా హాలున్న క్యాథే బిల్డింగ్ 1939లో వచ్చాయి. సెంబవాంగ్‌లోని బ్రిటిష్ నేవీ బేస్‌లో 1938లో తెరిచిన డ్రై డాక్ (నీళ్లు తోడేసి ఓడల్ని బాగుచేసే చోటు) అప్పట్లో ప్రపంచంలోని అతి పెద్దవాటిలో ఒకటి. ఆ డాక్‌లో ఓడల అడుగున నిలబడి పనిచేసినవాణ్ణి నేను, దాన్ని పల్లెటూళ్లో కట్టారంటే నాకే నవ్వొస్తుంది.

1965 తలసరి ఆదాయం లెక్క కూడా వాళ్లు తప్పకుండా తెస్తారు. సింగపూర్‌ది సుమారు 516 డాలర్లు, మనది 120 దరిదాపుల్లో, దక్షిణ కొరియాది వంద పైన కొద్దిగా. ఇది విని తడబడకు. లెక్క నిజమేనని ఒప్పేసుకో, వెంటనే ఒక్కటే అడుగు: ఒక రేవు పట్నాన్ని దేశం మొత్తంతో ఎలా పోలుస్తారు? మన దగ్గర బీహార్ నుంచి రాయలసీమ దాకా అందరినీ కలిపి తీసిన సగటు అది. సింగపూర్‌కి మనలాగా పెద్ద పల్లెసీమ లేదు, ఉన్నది ఒక పట్నం, దాని చుట్టూ కాంపోంగ్‌లు, అంటే చిన్న చిన్న మలయ్ పల్లెలు, పేటలు. పోల్చాలంటే హాంకాంగ్‌తో పోల్చాలి, లేదా అప్పటి బొంబాయితో, మద్రాసుతో. ఈ ఒక్క ప్రశ్నతో వాళ్ల పెద్ద ఆయుధం సగం మొద్దుబారుతుంది.

ఇక నీ అసలు బలం వేరే చోట ఉంది, నీ నాలుగు పేజీల్లో అదే లేదు.

టాపిక్‌లో "స్వాతంత్ర్యానికి ముందు" అని ఉంది కదా, ఏ రోజుకి ముందు? బ్రిటిష్ వాళ్ల నుంచి స్వపరిపాలన వచ్చింది 1959 జూన్‌లో, లీ క్వాన్ యూ ప్రధాని అయింది అప్పుడే. 1963 సెప్టెంబర్ 16న మలేసియాలో కలిశారు. అందులోంచి విడిపోయి సొంత దేశమైంది 1965 ఆగస్టు 9న. అవతలివాళ్లు 1965 లెక్కలు తెచ్చి, చూశారా బ్రిటిష్ వాళ్లు ఎంత చేసిపెట్టి వెళ్లారో అంటారు. కానీ మధ్యలో ఆరేళ్లు ఉన్నాయి. హౌసింగ్ బోర్డు 1960లో, ఎకనామిక్ డెవలప్‌మెంట్ బోర్డు 1961లో పెట్టింది, జురాంగ్ చిత్తడి నేలల్ని పూడ్చి ఫ్యాక్టరీలకి స్థలం చేసింది, ఇదంతా జనం ఓట్లేసి గెలిపించిన ప్రభుత్వమే. దాన్ని వలస పాలన ఖాతాలో రాయడమంటే ఇల్లు అద్దెకిచ్చినవాడు వంట కూడా నేనే చేశానన్నట్టు ఉంటుంది.

ఇళ్ల లెక్క ఒక్కటి బాగా గుర్తుపెట్టుకో, మిగతావి మర్చిపోయినా ఫరవాలేదు. బ్రిటిష్ వాళ్లు ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ అని 1927లో మొదలుపెట్టి, మూతపడేదాకా 32 ఏళ్లలో కట్టినవి సుమారు 23 వేల ఇళ్లు. మధ్యలో జపాన్ వాళ్ల ఆక్రమణ మూడున్నరేళ్లు పోయింది, అది కూడా చెప్పు, దాచి దొరికిపోకు. తర్వాత వచ్చిన హౌసింగ్ బోర్డు మొదటి ఐదేళ్లలోనే 50 వేలు దాటించింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పి కాసేపు ఆగు. జడ్జీలు రాసుకోవడానికి టైమివ్వాలి, నువ్వు గడగడా వెళ్లిపోతావు, చిన్నప్పట్నుంచీ అంతే.

ఆ ఇళ్లు అంత అర్జెంటుగా ఎందుకు కావాల్సి వచ్చాయో కూడా చెప్పు. చైనాటౌన్‌లో కింద దుకాణం, పైన ఇల్లు ఉండే షాప్‌హౌస్‌లని చెక్కలతో అడ్డాలు కొట్టి, కిటికీ కూడా లేని గదుల్లో కుటుంబాల్ని కుక్కేవాళ్లు. 1961 మే 25న బుకిత్ హో స్వీ అనే గుడిసెల పేట తగలబడి దాదాపు 16 వేల మంది ఒక్కరోజులో రోడ్డున పడ్డారు. మరుగుదొడ్ల బకెట్లు ఎత్తే పద్ధతి పూర్తిగా పోయింది 1987లో, అంటే మీ అమ్మ చదువుకునే రోజుల్లో! 1957 జనాభా లెక్కల్లో చదవగలిగినవాళ్లు సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. సినిమా హాల్లో ఏసీ, ఆ పక్క వీధిలో బకెట్. అభివృద్ధి ఉంది, కాదనకు, ఎవరికి ఉందో అడుగు.

డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా అడగాలి. మలయా తగరం, రబ్బరు ఆ రేవు మీదుగా పోయేవి, 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఓడలు ఇంకా పెరిగాయి. రేవులో సుంకం లేదు కాబట్టి వ్యాపారులు వచ్చారు. మరి ప్రభుత్వం నడిచేదెట్లా? 19వ శతాబ్దంలో చాలా ఏళ్లు ప్రభుత్వ ఆదాయంలో దాదాపు సగం నల్లమందు నుంచే. రేవు కూలీలు, రిక్షా లాగేవాళ్లు ఒళ్లు నొప్పులకి పీల్చే మందు మీద వచ్చిన సొమ్ము! ఇంకోటి, 1867 దాకా సింగపూర్‌ని పాలించింది కలకత్తా నుంచే. మద్రాసు, కలకత్తా, బొంబాయి జైళ్ల నుంచి పంపిన ఖైదీలతో రోడ్లు వేయించారు, సెయింట్ ఆండ్రూస్ చర్చి, ఇప్పుడు రాష్ట్రపతి అధికార నివాసమైన ఇస్తానా వాళ్లతోనే కట్టించారు. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే అందులో మన జిల్లాలూ ఉన్నాయి కదా. ఇది చెప్పు, కానీ ఏడుపు గొంతుతో చెప్పకు.

నిన్ను ఇరికించే చోటు ఒకటుంది. 1965లో అక్కడ పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఏడాదిలోపు చనిపోయినవాళ్లు 26 మందే. అప్పటి ఆసియాలో ఇది చాలా మంచి లెక్క, ఆరేళ్లలో రాత్రికి రాత్రి వచ్చింది కాదు. నీళ్లు, టీకాలు, ఆసుపత్రులు పాత ప్రభుత్వం కాలం నుంచీ ఉన్నాయి. ఇది ఎవరైనా ఎత్తితే అడ్డంగా వాదించకు, అవునని ఒప్పుకుని నేవీ బేస్ సంగతికి వెళ్లు. వెళ్లిపోతున్నామని బ్రిటిష్ వాళ్లు 1968 జనవరిలో ప్రకటించేసరికి దేశ ఆదాయంలో సుమారు ఐదో వంతు ఆ బేస్‌ల మీదే నడుస్తోంది. ఇంకొకళ్ల సైన్యం సర్దుకుని వెళ్తే ఐదో వంతు పోతుందన్నప్పుడు దాన్ని అభివృద్ధి చెందిన దేశమనొచ్చా అని అడిగి వదిలెయ్. జవాబు వాళ్లు వెతుక్కుంటారు.

ఒకవేళ మన రైళ్లు, కాటన్ దొర ఆనకట్ట లాంటివి ఎవరైనా లాగితే వెంట వెళ్లకు. నీకు అక్కడ చెప్పడానికి బోలెడు ఉందని నాకు తెలుసు, మీ తాతయ్య దగ్గర విన్నావు. టాపిక్ సింగపూర్.

చివరి నిమిషంలో పక్షాలు మార్చే అలవాటు ఉందట మీ కాలేజీలో. "అవును" వైపు పడితే టెన్షన్ పడకు, ఇదే కాగితం పనికొస్తుంది. పిల్లల మరణాల లెక్కతో మొదలుపెట్టు, 1905 నుంచి మెడికల్ స్కూల్ ఉందని చెప్పు, డాక్ చెప్పు, తలసరి ఆదాయం మాత్రం హాంకాంగ్ పేరు ఎత్తకుండా చెప్పు. నాలుగు పేజీల్ని రెండు చేసి శనివారం లోపు పంపు. ఫోనైతే ఇక్కడ సింగపూర్‌లో సాయంత్రం ఆరు దాటాక చెయ్, అక్కడ మీకు మూడున్నర.

మీ మావయ్య