దాస్తున్న ఆ 40 డాలర్లే మీకు అండ

ప్రశ్న: మేముండేది న్యూజెర్సీ, ఎడిసన్. నాకు 57 ఏళ్లు, సిటిజన్‌ని. మావారు పోయాక ఒక్కదాన్నే గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో వారానికి 12 గంటల పని, గంటకు 16 డాలర్లు. ఆదివారాలు ఒకళ్ల పిల్లల్ని 5 గంటలు చూసుకుంటే 40 డాలర్లు చేతిలో పెడతారు. అది ఎక్కడా చూపించలేదు. నెలకు 80 గంటలు పని చేయకపోతే స్నాప్ (తిండి ఖర్చులకు ప్రభుత్వం ఇచ్చే సాయం) మూడు నెలల తర్వాత ఆగిపోతుందని కౌంటీ నుంచి ఉత్తరం వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఇంకో ఉద్యోగం నా వల్ల కాదు. ఏం చేయాలి? పోయిన ఏడాది గ్రీన్‌కార్డు మీద వచ్చిన మా చెల్లెలు అప్లై చేయొచ్చా?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీరు ఇంకో ఉద్యోగం వెతుక్కోనక్కర్లేదు.

"యాభై దాటినవాళ్లకు ఈ రూల్ లేదు" అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, ఒకప్పుడు అది నిజమే. ఈ రూల్ వర్తించే వయసును పెంచుకుంటూ 54 దాకా తెచ్చారు. 2025 జూలై 4న సంతకమైన చట్టం దాన్ని ఒక్కసారిగా 64 చేసింది. పిల్లలున్నవాళ్లకు ఇచ్చే మినహాయింపు కూడా ఇప్పుడు 14 ఏళ్ల లోపు పిల్లలుంటేనే. అందుకే మీలాంటివాళ్ల ఇళ్లకు ఈ ఉత్తరాలు. ఈ రూల్ కిందికి వచ్చేవాళ్లకు 80 గంటల లెక్క కుదరకపోతే 36 నెలల్లో 3 నెలలే స్నాప్ వస్తుంది.

అయితే అందరూ 80 గంటల దగ్గరే ఆగిపోతారు. ఇంకో దారి ఉంది. వారానికి 30 గంటలను ఫెడరల్ కనీస వేతనం 7.25 డాలర్లతో హెచ్చవేస్తే వచ్చే 217.50 డాలర్లు మీరు సంపాదిస్తుంటే, ఎన్ని గంటలు చేశారన్న ప్రశ్నే రాదు. ఈ రూల్ నుంచి మీకు మినహాయింపు. న్యూజెర్సీ కనీస వేతనం 15 డాలర్లు దాటినా ఈ లెక్కకు ఫెడరల్ వేతనమే. ఇది మీకు కలిసొచ్చే విషయం.

మీ స్టోర్ జీతం 12 ఇంటూ 16, అంటే 192. పాతిక డాలర్లు తక్కువ. దానికి ఆదివారం 40 కలిపితే 232. గీత దాటేశారు! మీరు భయపడి దాచుకుంటున్న డబ్బే మిమ్మల్ని ఒడ్డున పడేసేది.

కాబట్టి దాన్ని చూపించండి. స్టోర్ పే స్టబ్‌లతో (జీతం చీటీలతో) పాటు, వారానికి ఎంత ఇస్తున్నారో ఆ పిల్లల తల్లిదండ్రుల చేత ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. ఉత్తరంలో ఇచ్చిన గడువులోగా కౌంటీ బోర్డ్ ఆఫ్ సోషల్ సర్వీసెస్‌కి వెళ్లి, "నాకు సంపాదన మీద మినహాయింపు కావాలి" అని ఆ మాటలతోనే అడగండి. పన్ను కాగితాల్లోనూ ఈ డబ్బు కనపడాలి.

చేదు మాట కూడా చెప్పాలి. ఆదాయం పెరిగితే స్నాప్ తగ్గుతుంది. సంపాదించిన ప్రతి డాలరుకు సుమారు 24 నుంచి 36 సెంట్లు కోత పడుతుంది, మీ అద్దెను బట్టి. నెలకు 173 డాలర్లు చూపిస్తే 40 నుంచి 60 దాకా పోవచ్చు. ఒక్కరికి గరిష్ఠంగా వచ్చేది 298 (2025 అక్టోబర్ నుంచి 2026 సెప్టెంబర్ వరకు). మొత్తం పోగొట్టుకోవడం కంటే ఇది నయం కదా. ఇన్నాళ్లూ చూపించనందుకు ఎక్కువ ఇచ్చింది తిరిగి కట్టమని కూడా అడగొచ్చు. దాని గురించి ఆఫీసుకు వెళ్లే ముందే లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీ వాళ్లతో ఒకసారి మాట్లాడండి, వాళ్లది ఉచిత న్యాయ సాయం. కౌంటీ వాళ్లే కనిపెట్టేదాకా ఆగితే మాత్రం పరిస్థితి వేరు. కావాలని దాచారని తేలితే మొదటిసారికే ఏడాది పాటు స్నాప్ ఆపేస్తారు.

ఆ పిల్లల వాళ్లు సెలవులకి ఇండియా వెళ్లిపోతే? ఆ నెలల్లో మళ్లీ 80 గంటల లెక్క. మీ స్టోర్ పని నెలకు 52 గంటలు, అంటే 28 తక్కువ. ఫుడ్ బ్యాంక్ లాంటి చోట వాలంటీర్‌గా చేసినా ఆ గంటలు పనికొస్తాయి. ఎక్కడ చేస్తే లెక్కలోకి తీసుకుంటారో కౌంటీలో ముందే అడిగి, చేసిన గంటలకు కాగితం తెచ్చుకోండి. అంతకంటే తేలిక, స్టోర్ ఓనర్‌ని వారానికి ఇంకో రెండు గంటలు ఇమ్మనండి. 14 గంటలకు 224. ఆదివారం పని ఉన్నా లేకున్నా గీత దాటినట్టే. నేనైతే ముందు ఇదే అడుగుతాను.

మోకాళ్ల సంగతి ఆఖరి అస్త్రంగా ఉంచుకోండి. పని చేయలేరని డాక్టర్ రాసిస్తే మినహాయింపు ఉంది. కానీ ఒకవైపు స్టోర్‌లో నిలబడి పని చేస్తూ ఆ కాగితం ఇస్తే వంద ప్రశ్నలు వేస్తారు. ఇన్ని చేశాక కూడా ఆపేస్తే, నోటీసు వచ్చిన 90 రోజుల్లో ఫెయిర్ హియరింగ్ (ఆ నిర్ణయం మీద అప్పీలు విచారణ) అడగొచ్చు.

మీ చెల్లెలికి ఇప్పుడు రాదు. గ్రీన్‌కార్డు మీద వచ్చిన పెద్దవాళ్లకు మామూలుగా ఐదేళ్లు ఆగాల్సిందే. ఇది కొత్త చట్టం తెచ్చింది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. ఐదేళ్ల తర్వాత కూడా ఆమెకు స్పాన్సర్ చేసిన వాళ్ల ఆదాయాన్ని కలిపి చూస్తారు. ఆ స్పాన్సర్ మీరే అయితే, అప్పుడు మీ పే స్టబ్‌లు కూడా ఆమె ఫైల్లోకి వెళ్తాయి.