హైవే బండికి ఎన్ని సీసీలు కావాలి?

ప్రశ్న: ఉద్యోగానికి రోజూ రానూపోనూ 80 కిలోమీటర్లు బండి మీదే వెళ్తాను. ఒక్కోవైపు 30 కిలోమీటర్లు హైవేనే. ఇప్పుడున్న 125 సీసీ బండి లీటరుకు 50 ఇస్తోంది కానీ, లారీని దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవలసి వస్తోంది. 300 సీసీ తీసుకోనా, ఎలాగూ కొంటున్నాను కాబట్టి 650కి వెళ్లనా? మైలేజీ పడిపోతుందని భయంగా ఉంది.

జవాబు: ‘ఎలాగూ కొంటున్నాను కాబట్టి’ అన్నచోట నాకు కాస్త గుబులు పుట్టింది. తీరని వాయిదాలు చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి.

మైలేజీని కాసేపు పక్కనపెట్టి, ఏడాదికి ఎన్ని లీటర్లు పోస్తారో చూడండి. 250 పనిదినాలకు 20,000 కిలోమీటర్లు. లీటరుకు 50 చొప్పున 400 లీటర్లు. 300 సీసీ బండి 32 ఇస్తుందనుకుంటే 625. 650 సీసీది 25 ఇస్తే 800. 50 నుంచి 32కు దిగడం పెద్ద పతనంలా, 32 నుంచి 25కు దిగడం చిన్న విషయంలా కనిపిస్తాయి. కానీ మొదటి దాంట్లో 18 అంకెలు తగ్గితే అదనంగా పడేది 225 లీటర్లు. రెండో దాంట్లో 7 తగ్గితేనే 175 లీటర్లు. మైలేజీ కిందికి పోయేకొద్దీ ఒక్కో అంకె ఖరీదవుతుంది. షోరూములో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక మొదటి 225 లీటర్లకు మీకు దక్కేదేమిటి? నిటారుగా కూర్చుని 100 వేగంతో వెళ్లడానికి సుమారు 10 నుంచి 12 హార్స్‌పవర్ కావాలి. మీ 125 ఇంజిన్ మొత్తం శక్తి దాదాపు అంతే. అంటే లారీని దాటే సమయానికి దాని దగ్గర మిగిలేది సున్నా. 300 సీసీలో అంతకు రెట్టింపు, ఆపైన ఉంటుంది. ఆ ఖర్చు భద్రతకు పెట్టినదే, వెనుకాడకండి. 650లో ఉండే మిగతా శక్తి రోజూ మీతో ఆఫీసుకు వచ్చి, ఊరికే తిరిగి ఇంటికి వస్తుంది.

పైగా పెద్ద బండికి పెట్రోలొక్కటే ఖర్చు కాదు. వెడల్పాటి వెనుక టైరు త్వరగా అరుగుతుంది. మీరు తిరిగే దూరానికి ఏడాదిలో రెండు పట్టినా ఆశ్చర్యం లేదు. చైను, సర్వీసింగు, బీమా కూడా ఆ స్థాయిలోనే ఉంటాయి.

సీసీ ఒక్కటే అన్నీ తేల్చదన్న మాట నిజమే. హోండా ఎన్‌సీ700 ఇంజిన్ 670 సీసీ అయినా, తక్కువ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) నడిచేలా చేయడం వల్ల లీటరుకు 27 దాకా ఇచ్చింది. అలాంటివి అరుదు.

నా సలహా 250 నుంచి 400 సీసీ మధ్య, సింగిల్ సిలిండర్. రెండు మూడేళ్లు వాడిన బండి దొరికితే ఇంకా మేలు, తరుగుదలలో పెద్ద భాగం మొదటి యజమాని భరించేసి ఉంటాడు. కొనేముందు టాప్ గేరులో 90 మీద నడిపి చూడండి. చేతులు తిమ్మిరెక్కితే ఆ బండి మీకు కాదు.

కొన్నాక 110లో వెళ్లాలనిపిస్తుంది. 95లోనే ఉంటే గాలి నిరోధం దాదాపు పావు వంతు తగ్గుతుంది. మీ 30 కిలోమీటర్ల హైవేలో ఆలస్యమయ్యేది రెండున్నర నిమిషాలు.