కేబుల్ ఆపరేటర్ల సంఘంలో చేరితే ఏమైనా ఒరుగుతుందా?

ప్రశ్న: దేవరకొండ దగ్గర మా నాన్న నడిపిన కేబుల్ లైన్ ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. 340 కనెక్షన్లు ఉన్నాయి. ఆపరేటర్ల సంఘం వాళ్లు ఏడాదికి రెండు వేలు కట్టి సభ్యుడిగా చేరమంటున్నారు. ఆదివారం మీటింగుకు రమ్మన్నారు. చేరాలా?

జవాబు:

చేరు తమ్ముడూ. కానీ దేనికి చేరుతున్నావో తెలుసుకొని చేరు.

నేను 2003 నుంచి మిర్యాలగూడ వైపు ఇదే పనిలో ఉన్నాను. ఇప్పటికి రెండు సంఘాలు చూశాను. ఒకదాంట్లోంచి తిట్టుకుంటూ బయటికి వచ్చాను, దాని సంగతి తర్వాత చెప్తాను. సంఘంతో పని పడేది ఏడాదికి రెండు మూడు రోజులే. మిగతా రోజులన్నీ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు, పుట్టినరోజు కేకులు.

ఆ రెండు మూడు రోజుల్లో మొదటిది స్తంభాల రోజు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు గదా. ఆ తర్వాత నగరంలో కరెంటోళ్లు స్తంభాల మీది కేబుళ్లు ఎడాపెడా కత్తిరించారు. ఆ వేడి మా దాకా వచ్చింది. నిజం చెప్పాలంటే మా వైర్లు కూడా పద్ధతిగా లేవు. ఫైబర్ వేసుకున్నాక కూడా కోయాక్సియల్ కాలం నాటి వైరు అట్లనే వదిలేశాం. గడ్డి ట్రాక్టరు పోతే తగిలేంత కిందికి వేలాడుతుండేది. అందులో ఏది ఎవరిదో, ఏది పనిచేస్తుందో, ఏది చచ్చిన వైరో మాకే తెలియదు.

నేనొక్కణ్ణి కరెంటు ఆఫీసుకు పోయి గడువు అడిగితే ఎవరు ఇస్తారు? పంతొమ్మిది మందిమి కలిసి పోయాం. మూడు వారాల్లో చచ్చిన వైరంతా తీసేస్తాం, పనిచేసే ప్రతి వైరుకూ పేరు, ఫోన్ నంబరుతో ట్యాగు కడతాం, రోడ్డు దాటే చోట ఎత్తు పెంచుతాం అని కాగితం రాసిచ్చాం. గడువు దొరికింది. ట్యాగులకు తలా ఒక రంగు పంచుకున్నాం, నాకు పసుపు వచ్చింది. మా బజారు ఒక్కదాంట్లోనే ట్రాక్టరు ట్రాలీ నిండా వైరు దిగింది. దాన్ని పాత సామాన్లవాడికి అమ్మితే కూలోళ్ల చాయ్ ఖర్చులు వెళ్లిపోయాయి. ఇప్పుడు ఎక్కడన్నా ఫైబర్ తెగితే ట్యాగు చూసి నాకే ఫోన్ చేస్తున్నారు. ఆ ఒక్క పనికి నేను పదేళ్ల చందా కట్టినా నష్టం లేదు.

రెండోది అగ్రిమెంటు రోజు. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ (కేబుల్ రేట్లు, నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) కొత్త టారిఫ్ వచ్చినప్పుడు మీ నాన్న పడ్డ టెన్షన్ నీకు గుర్తుండే ఉంటుంది. వంద ఛానళ్లకు 130 రూపాయలు, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు, పే ఛానళ్ల డబ్బు వేరే. జనానికి ఆ లెక్క చెప్పలేక నోరు ఎండిపోయింది. మా ఎంఎస్‌ఓ (మనకు ఛానళ్ల సిగ్నల్ ఇచ్చే పెద్ద కంపెనీ) మనిషి అప్పుడే ఇంగ్లీషులో ఇంత లావు అగ్రిమెంటు పట్టుకొచ్చి "ఇక్కడ సంతకం పెట్టన్నా" అన్నాడు. వాటా రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. నేనైతే పెట్టేసేవాణ్ణే. సంఘంలో ఒకాయన కొడుకు లాయరు, అతను కూర్చొని చదివాడు. ఇద్దరికీ మాట కుదరకపోతే ఆ 130లో ఎంఎస్‌ఓకు 55 శాతం, మనకు 45 శాతం అని ట్రాయ్ నిబంధనల్లోనే ఉందని అతను చెప్తేనే తెలిసింది. మాట కుదిరితే అంతకన్నా ఎక్కువ కూడా రాసుకోవచ్చు. సిగ్నల్ ఆపాలంటే మూడు వారాల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలన్నదీ అప్పుడే తెలిసింది. అందరం కలిసి కూర్చుంటే మనకు 50 శాతానికి ఒప్పుకున్నారు. 2024 జులైలో ఆ 130 పరిమితినే ట్రాయ్ తీసేసింది. కాబట్టి మీ నాన్న పెట్టిన పాత సంతకం మీద ఆధారపడకు, అగ్రిమెంటు కాపీ బయటికి తీసి చదువు.

ఇక సంఘం చెప్పినా వినకూడనివి కొన్ని ఉన్నాయి. "మండలమంతా ఇంతకు తక్కువ తీసుకోవద్దు, తీసుకుంటే జరిమానా" అని తీర్మానం రాసి సంతకాలు పెట్టించే సంఘాలున్నాయి. 2002 నాటి కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3 కింద అది నేరుగా తప్పు. సంఘం పేరు మీద చేసినా వదలరు. ఏరియా పంచుకోవడమూ అంతే. నీ వీధి నీది, నా వీధి నాది అని మనం అనుకుంటాం గానీ, ఆ హక్కు ఏ చట్టమూ మనకు ఇవ్వలేదు. తగాదా వస్తే పెద్దమనుషుల్లా కూర్చోబెట్టి మాట్లాడించడం వరకు సంఘం మంచిదే. అలాంటి తీర్మానం మీద మాత్రం సంతకం పెట్టకు.

ఢిల్లీలో మన కోసం ఎవరో ఉన్నారని కూడా అనుకోకు. ఏఐడీసీఎఫ్ అనేది ఎంఎస్‌ఓల సమాఖ్య, ఐబీడీఎఫ్ ఛానళ్లవాళ్లది, సీఓఏఐ మొబైల్ కంపెనీలది. 2023 ఫిబ్రవరిలో రేట్ల మీద ఛానళ్లవాళ్లకూ ఎంఎస్‌ఓలకూ పడక కొన్ని రోజులు పెద్ద ఛానళ్లు ఆగిపోయాయి. కొట్లాట వాళ్లది, తిట్లు తిన్నది మనం. సీరియల్ రావట్లేదని ఒక పెద్దమ్మ మా ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది, చాయ్ తాగించి పంపాను. ఇంటర్నెట్ కూడా ఇస్తుంటే ఇంకో చిక్కుంది. చాలామందిమి లైసెన్సు ఉన్న ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) కింద పార్ట్‌నర్లమే, ఐఎస్‌పీల సంఘంలో మనకు కుర్చీ ఉండదు.

ఇంకో మాట. మీ నాన్న ఏటా పోస్టాఫీసులో 500 కట్టి చేయించుకున్న కేబుల్ ఆపరేటర్ రిజిస్ట్రేషన్ పద్ధతి 2025 జనవరిలో మారింది. ఇప్పుడు బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, 5,000 రూపాయలు, ఐదేళ్లకు. కాగితం నీ పేరు మీద లేకపోతే సంఘం కూడా నీకు ఏమీ చేయలేదు, ముందు అది చూసుకో.

నేను బయటికొచ్చిన సంఘం సంగతి చెప్తానన్నాను గదా. పన్నెండేళ్లు చందా కట్టాం, ఒక్కసారి కూడా లెక్క చదవలేదు. చివరికి అడిగితే పుస్తకం వానకు తడిసిందన్నారు. ఆ సంఘానికి రిజిస్ట్రేషనే లేదని తర్వాత తెలిసింది. ఏడుగురు ఉంటే చాలు, సొసైటీల చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర చేయించుకోవచ్చు, అది కూడా చేయలేదు.

ఆదివారం మీటింగుకు తప్పకుండా వెళ్లు. రిజిస్ట్రేషన్ నంబరు అడుగు, పోయిన ఏడాది లెక్క అడుగు, సభ్యుల్లో ఎంఎస్‌ఓ మనుషులు ఎంతమందో పక్కవాణ్ణి మెల్లగా అడుగు. రెండు వేలు జేబులోనే పెట్టుకొని వెళ్లు, రసీదు బుక్కు కళ్లకు కనిపించాకే బయటికి తియ్యి.