సైకిల్ మీద అలుపే లేదు.. పరుగెత్తితే కాలి ఎముక నొప్పి! మళ్లీ పగులు వచ్చిందా?

ప్రశ్న: నా వయసు 41. చాలా ఏళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను, మధ్యమధ్యలో పరుగెత్తేవాణ్ని. పోయినేడాది కుడి మోకాలి కింద ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడితో వచ్చే సన్నటి పగులు) అని చెప్పి పరుగు మానిపించారు. అది తగ్గాక మళ్లీ సైకిల్ మొదలుపెట్టాను. ఇప్పుడు 40 కిలోమీటర్లు తొక్కినా అలుపు రావడం లేదు. ఆ ధైర్యంతో రెండు వారాల కిందట ఆగకుండా 5 కిలోమీటర్లు పరుగెత్తాను. ఆయాసం రాలేదు. మర్నాడు మాత్రం పిక్కలు పట్టేసి మెట్లు దిగలేకపోయాను. అది నాలుగు రోజుల్లో పోయింది గానీ, కుడికాలి ఎముక లోపలి అంచున ఇంకా నొప్పి ఉంది. మళ్లీ పగులు వచ్చిందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇక పరుగు మానేయాలా?
– ఒక పాఠకుడు

జవాబు: మానేయనక్కర్లేదు. కానీ ఆ నొప్పి సంగతి తేలేదాకా ఒక్క అడుగు కూడా పరుగెత్తకండి.

మీరు చెప్పినవి రెండు వేర్వేరు నొప్పులు. పిక్కలు పట్టేయడం అలవాటు తప్పిన కండరాల నొప్పి. మర్నాడో ఆ మర్నాడో ఎక్కువై, దానంతటదే పోతుంది. దాన్ని మర్చిపోండి. ఎముక అంచున మిగిలిన నొప్పి మాత్రం వేరు. బొటనవేలితో ఆ అంచు వెంట పైనుంచి కిందికి మెల్లగా నొక్కుతూ రండి. జానెడు పొడవునా అంతటా కాస్త నొప్పిగా ఉంటే, అది ఎముకను అంటిపెట్టుకున్న కణజాలం ఒత్తిడికి గురికావడం వల్ల వచ్చినది కావచ్చు. అలా కాకుండా వేలు పెట్టి చూపించగలిగేంత ఒక్కచోటే కలుక్కుమంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, నడిచినా నొప్పి వస్తుంటే పగులును అనుమానించాలి. గెంతి చూసుకునే పరీక్ష మాత్రం ఇంట్లో చేయకండి.

ఈ నొక్కి చూసుకోవడం ఒక అంచనాకు మాత్రమే. ఒకసారి పగులు వచ్చిన కాలు, పైగా రెండు వారాలైనా తగ్గని నొప్పి కాబట్టి ఎలా ఉన్నా ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో ఇలాంటి సన్నటి పగులు కనిపించకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగానే ఉంది’ అన్నంత మాత్రాన పరుగు అందుకోకండి. అనుమానం ఉంటే ఎంఆర్ఐ తీయిస్తారు.

ఆయాసం రాకపోయినా కాలు ఎందుకు మొరాయించింది? సైకిల్ మీద మీ బరువును చాలావరకు సీటు మోస్తుంది. గుండె, ఊపిరితిత్తులు, తొడ కండరాలు రాటుదేలతాయి. ఎముకకు మాత్రం నేల తాకిడి ఉండదు. పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు సుమారు రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. 5 కిలోమీటర్లంటే రెండు కాళ్లూ కలిపి దాదాపు 5 వేల అడుగులు! ఊపిరి వారాల్లో పుంజుకుంటుంది, ఎముక గట్టిపడడానికి నెలలు కావాలి. అందుకే సైకిలిస్టులు ఎంత పరుగెత్తాలో ఆయాసాన్ని బట్టి తేల్చుకోకూడదు. మామూలుగా కొత్తగా పరుగు మొదలుపెట్టేవాళ్లను ఆయాసమే ఆపేస్తుంది. మిమ్మల్ని ఆపేవాళ్లే లేరు!

పగులు లేదని తేలి, నొక్కినా నొప్పి లేదన్నాక మొదలుపెట్టండి. ముందు ఓ వారం అరగంట వేగంగా నడవండి. ఇబ్బంది లేకపోతే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఏడెనిమిది సార్లు. ఇలా రోజు విడిచి రోజు చేయండి. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తాలి. పరుగులో గానీ, ఆ రాత్రి గానీ, మర్నాడు పొద్దున మంచం దిగినప్పుడు గానీ ఎముక నొప్పి లేకపోతేనే పరుగు నిమిషాలు పెంచండి. ఉంటే నడకకు వెనక్కి రండి. వేగం, ఎత్తుపల్లాల దారులు తర్వాత చూసుకోవచ్చు. ఆగకుండా అరగంట పరుగెత్తడానికి రెండు మూడు నెలలు పట్టినా ఆలస్యమేమీ కాదు. మీలాంటివారికి ఇదంతా మహా బోరు, నాకు తెలుసు. మిగిలిన ఓపికను పరుగు లేని రోజుల్లో సైకిల్ మీద ఖర్చుపెట్టండి. కొండదారి తొక్కివచ్చి, అలసిన కాళ్లతో అదే రోజు పరుగు మాత్రం వద్దు.

పిక్కలకూ పని చెప్పండి. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి మడమ పైకెత్తి, మెల్లగా దించాలి. మోకాలు నిటారుగా ఉంచి కొన్ని, కాస్త వంచి కొన్ని. రెండు కాళ్లతోనూ సమానంగా ఇరవై దాకా చేయగలగాలి. ఇప్పుడు కుడికాలు ముందే అలిసిపోతుందని నా అనుమానం. పరుగులో అంగలు చాచకుండా, పొట్టి అడుగులు వేయండి.

నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. నొప్పి తెలియదు, ఎముక మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది. బరువు తగ్గాలని తిండి బాగా తగ్గించినా ఎముక కోలుకోదు. ఒకవేళ ఇది రెండో పగులే అని తేలితే విటమిన్ డి, కాల్షియం పరీక్షలతో పాటు ఎముకల సాంద్రత పరీక్ష అవసరమేమో కూడా డాక్టర్‌ను అడగండి. ఏళ్ల తరబడి సైకిల్ ఒక్కటే తొక్కేవారిలో కొందరికి వెన్ను, తుంటి ఎముకల సాంద్రత తక్కువగా ఉంటుంది. వెళ్లేటప్పుడు పోయినేడాది స్కాన్ రిపోర్టులు వెంట తీసుకెళ్లండి.