యానాం తెలుగువాళ్ళకు దేశ రాజకీయాలు పట్టవా?

ప్రశ్న ఇది: గోదారి గట్టునే ఉంటూ ఆంధ్రా ఓటు లేకుండా, పుదుచ్చేరిలో తమిళుల పక్కన మైనారిటీగా ఉండే యానాం వాళ్ళకు ప్రజాస్వామ్యం మీద గురి ఉందా, జాతీయ రాజకీయాలు పడతాయా అని.

గురి ఉందండి, కాకపోతే లెక్క చూసుకుని ఉంది. పుదుచ్చేరి శాసనసభలో ఎన్నికయ్యేది 30 మంది, అందులో యానాం సీటు ఒకటి. అంత చిన్న సభలో ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే ప్రభుత్వమే ఊగుతుంది. అందుకని యానాం ఎమ్మెల్యేకి ఉండే పలుకుబడి అవతలి ఒడ్డున ముమ్మిడివరం ఎమ్మెల్యేకి ఉండదు. అదే లోక్‌సభ అయితే పుదుచ్చేరి మొత్తానికీ ఒకటే సీటు. పది లక్షల పైచిలుకు ఓట్లలో మావి నలభై వేలకు అటూ ఇటూ. ఇక్కడి ఓట్లు లెక్కలోకి తీసుకోకుండానే అభ్యర్థులు ప్రచారం నడిపేసుకోవచ్చు. అసెంబ్లీకి ఉన్న వేడి పార్లమెంటుకి లేదంటే కారణం ఇదే, నిర్లక్ష్యం కాదు.

పార్టీ జెండాకి ఇక్కడ విలువ తక్కువ. 2021లో ఎన్.ఆర్. కాంగ్రెస్ నాయకుడు రంగస్వామి పుదుచ్చేరిలోని తట్టాంచావడితో పాటు యానాంలో కూడా నిలబడ్డారు. అక్కడ గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు గానీ, ఇక్కడ గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్ర అభ్యర్థి చేతిలో 655 ఓట్లతో ఓడిపోయారు.

జాతీయ విషయాల్లో ఊరిని కదిలించేది కేంద్రపాలిత హోదా. ఫ్రాన్సుతో 1956 మే 28న కుదిరిన ఒప్పందం రెండో అధికరణం ప్రకారం, 1954 నవంబరు 1కి (పాలన భారత్ చేతికొచ్చిన రోజుకి) ముందున్న ప్రత్యేక పాలనా హోదా కొనసాగాలి, మార్చాలంటే ముందు ప్రజల అభిప్రాయం కనుక్కోవాలి. 1979లో పొరుగు రాష్ట్రాల్లో కలిపేసే ఆలోచన బయటపడితే పుదుచ్చేరిలో అల్లర్లు జరిగాయి. "తెలుగువాళ్ళేగా, ఆంధ్రాలో కలిస్తే పోలా" అనేవాళ్ళు ఒకటి మర్చిపోతారు. కలిస్తే యానాం ఒక మండలం. నలభై వేల ఓట్లకి అక్కడ సొంత నియోజకవర్గం రాదు, ఆర్.ఏ. (రీజినల్ అడ్మినిస్ట్రేటర్, అంటే యానాం పాలనాధికారి) ఆఫీసూ ఉండదు. భాష ఒకటైనంత మాత్రాన ఎమ్మెల్యేని ఎవరు వదులుకుంటారు?

నన్నడిగితే అసలు అడగాల్సింది నామినేటెడ్ సభ్యుల గురించి. కేంద్రం ముగ్గుర్ని నియమించవచ్చు, వాళ్ళకు సభలో ఓటూ ఉంది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నియామకాల్ని సమర్థించింది. అంటే యానాం మొత్తం కలిసి పంపేది ఒక్క ఓటు, ఢిల్లీ నుంచి వచ్చేవి మూడు. స్థానిక ఎన్నికల సంగతీ అంతే: 1968 తర్వాత మళ్ళీ 2006లోనే జరిగాయి, ఆ పాలకవర్గాల గడువు 2011లో తీరిపోయింది.

ఇంకో చిక్కు వార్తలది. టీవీలో వచ్చేవన్నీ ఆంధ్రా కబుర్లు, పుదుచ్చేరి సభలో నడిచేది ఎక్కువగా తమిళం. ఓటు లేని రాజకీయం ఇక్కడ కొట్టినపిండి, ఓటున్నది మాత్రం సరిగా అర్థం కాదు. పోనీ ఆంధ్రాని పట్టించుకోకుండా ఉందామా అంటే కుదరదు. ధవళేశ్వరం దగ్గర గోదారి వరద మట్టం 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇచ్చేది అక్కడి ప్రభుత్వమే. ముంపు మనకి, నష్టపరిహారం మాత్రం పుదుచ్చేరి నుంచి రావాలి.

అర్జీల విషయంలో చాలామంది చేసే పొరపాటు, తెలుగులో రాస్తే చెల్లదనుకుని ఎవరిచేతో అరకొర ఇంగ్లీషులో రాయించడం. పుదుచ్చేరి 1965 అధికార భాషా చట్టంలో యానాం వరకు తెలుగుకి చోటుంది, రాజ్యాంగం 350వ అధికరణం కూడా అర్జీదారుడి పక్షానే ఉంది. తెలుగులోనే రాయండి, ఆర్.ఏ. ఆఫీసులో ఇచ్చి తేదీ ముద్రతో నకలు తీసుకోండి. ఫైలు పుదుచ్చేరి సచివాలయానికి వెళ్ళేదైతే ఒక పేజీ ఇంగ్లీషు సారాంశం జత చేయండి, లేకపోతే తర్జుమా పేరు చెప్పి అక్కడే పడుంటుంది. సమాచార హక్కు దరఖాస్తుకి 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోగా రెండోది. ఈ రెండోది వెళ్ళేది ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కి, అమరావతికో చెన్నైకో పంపితే గడువు వృథా. కోర్టు కేసులైతే మాత్రం పైకోర్టు మద్రాసు హైకోర్టే, కింది కోర్టు తెలుగు కాగితాలకు తర్జుమా ఖర్చు ముందే లెక్కేసుకోండి.