ఆ కాగితం మీద కొడుకు సంతకం ఉండాలి

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం, ఉండేది నల్లగొండలో. మా అత్తమ్మకు 78 ఏళ్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము ఎప్పుడో వంగిపోయింది. తొమ్మిదేళ్లుగా మతిమరుపు జబ్బు. ఇప్పుడు మంచం దిగలేదు, మాట లేదు, ఎవరినీ గుర్తుపట్టదు. రెండు నెలలుగా ముద్ద నోట్లోనే పెట్టుకుంటోంది, మింగబోతే దగ్గు. న్యుమోనియా అని రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాం. ముక్కులో గొట్టం వేస్తే పీకేసుకుందని చేతులు మంచానికి కట్టారు. ఇప్పుడు పొట్టకు రంధ్రం చేసి గొట్టం పెట్టమంటారా అని డాక్టరు అడుగుతున్నారు. బొంబాయిలో ఉన్న మా ఆడబిడ్డ ‘మా అమ్మను ఆకలితో చంపుతారా’ అని ఫోనులో తిడుతుంది. మా ఆయన ‘నీ ఇష్టం’ అంటారు. ముక్కు గొట్టానికి సంతకం నేనే పెట్టాను. ఇప్పుడు వద్దంటే నాకు పాపం చుట్టుకుంటుందా?
– ఒక కోడలు, నల్లగొండ

జవాబు: చుట్టుకోదు. పాపం గురించి ఇంతకు మించి చెప్పవలసింది ఏమీ లేదు. తొమ్మిదేళ్లు పక్కగుడ్డలు మార్చిన మనిషికి ఆ భయం పట్టుకుంది, ఒక్క రాత్రి కూడా ఆ మంచం పక్కన పడుకోని వాళ్లకు పట్టుకోలేదు. నాకు కోపం వస్తున్నది అందుకే.

మీ ఉత్తరాన్ని కుదించి వేశాను. అసలు ఉత్తరంలో నాలుగు పేజీలు ఆడబిడ్డ మీద ఉన్నాయి. ఆమె ఎప్పుడు ఏమన్నదో తేదీలతో సహా రాశారు. భర్త గురించి మాత్రం రెండే రెండు మాటలు. నాలుగు పేజీలూ చదివి ఆ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. మీ కష్టం బొంబాయి నుంచి రావడం లేదమ్మా, మీ ఇంట్లోనే ఉంది.

గొట్టం కాగితం వచ్చినప్పుడు ఆయన ఎక్కడున్నారు? వరండాలో ఫోను మాట్లాడుతున్నారని మీరే రాశారు. కన్నతల్లి ముక్కులో గొట్టం వేయాలా వద్దా అన్న మాట కోడలితో చెప్పించి, ఆయన బయట నిలబడ్డారు. రేపు దశదినకర్మ నాడు పాలివాళ్లలో ఒకరు ‘కోడలే వద్దన్నదట’ అంటే అప్పుడూ ఆయన నోరు విప్పరు. నిర్ణయం భార్య మీదికి నెట్టేస్తే తల్లి దగ్గర మంచి కొడుకుగా, చెల్లెలి దగ్గర మంచి అన్నగా మిగిలిపోవచ్చు. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు, భయపడుతున్నాడు. కానీ ఆ భయం ఖరీదు మీరు కడుతున్నారు. అత్తకు సేవ చేయడం కోడలి ధర్మమని నమ్మే మనిషిని నేను. తల్లి ప్రాణం గురించి మాట చెప్పే బాధ్యత మాత్రం కడుపున పుట్టిన వాళ్లది. సేవ చేసిందని ఆ భారం కూడా కోడలి నెత్తిన పెట్టడం అన్యాయం.

ఇక ఆయన తెలుసుకోవలసిన విషయాలు. ఈ భాగం ఆయన చేత చదివించండి.

మీ అమ్మగారు తినకపోవడం వల్ల చనిపోవడం లేదు. జబ్బు మింగే దగ్గరకు వచ్చేసింది కాబట్టి తినలేకపోతున్నారు. అమెరికాలో వృద్ధుల సంరక్షణ గృహాల్లో ఈ దశలో ఉన్న 323 మందిని ఏడాదిన్నర పాటు గమనించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. నూటికి దాదాపు 86 మందికి తిండి దగ్గర ఇబ్బంది, 41 మందికి న్యుమోనియా వచ్చాయి. సగానికి పైగా ఆ ఏడాదిన్నరలోనే పోయారు. సేవలోనో వంటలోనో లోపం ఉండి కాదు, ఈ జబ్బు నడిచే దారే అది. జబ్బు ఎక్కడికి తీసుకెళుతుందో ఇంటివాళ్లకు ముందే తెలిసినచోట, చివరి మూడు నెలల్లో ఆ పెద్దవాళ్లకు ఆసుపత్రుల హింస తక్కువగా జరిగిందని కూడా అదే అధ్యయనంలో తేలింది.

పొట్టలో గొట్టం పెడితే న్యుమోనియా ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. ఉమ్మి గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి జారుతూనే ఉంటుంది, కడుపులోది పైకి తన్నుతూనే ఉంటుంది. ఈ దశలో గొట్టంతో ఆయుష్షు పెరిగిన దాఖలా లేదు. పైగా పీక్కోకుండా చేతులు కట్టాలి, కదలక వీపు పుండ్లు పడతాయి. అందుకే అమెరికాలోని వృద్ధవైద్యుల సంఘం 2014లో ముదిరిన డిమెన్షియాకు, అంటే ఈ మతిమరుపు జబ్బుకు, గొట్టం వద్దని, చేత్తో ఓపికగా తినిపించమని చెప్పింది. మీ అమ్మగారి చేతులు మంచానికి కట్టి ఉండగా చూశారు కదా. ఆమె నోరు తెరిచి చెప్పగలిగితే ఏమనేదో ఆలోచించండి. కొడుకుగా మీరు జవాబు వెతుక్కోవలసిన ప్రశ్న అదొక్కటే.

తినిపించే పద్ధతి మీకు చెబుతాను తల్లీ. ఫ్లోరైడ్‌తో బిగుసుకుపోయిన మెడ కాబట్టి దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టండి, తల వెనక్కి వాలకూడదు. పలచటి నీళ్లకే దగ్గు ఎక్కువ. చిక్కటి రాగిజావ, మెదిపిన అరటిపండు, మెత్తటి పెరుగన్నం చిన్న చెంచాతో కొంచెం కొంచెంగా పెట్టండి. గుటక పడ్డాకే రెండోది. మొహం తిప్పుకుంటే అంతటితో ఆపండి. అరగంట వరకు పడుకోబెట్టవద్దు. నాలుగు చెంచాలే తింటే నాలుగు చెంచాలే చాలు. ఈ దశలో ఒంటికి ఆకలి తగ్గుతుంది, ఎండిపోయిన నోరే ఎక్కువ బాధపెడుతుంది. తడిగుడ్డతో పెదవులు, నాలుక తడుపుతూ ఉండండి.

మీరు ఒక్కచోట మాత్రం పొరబడ్డారు. పక్కకు తిప్పినప్పుడు ఆమె మూలుగుతుంటే ‘అలవాటే’ అని రాశారు. ఫ్లోరైడ్ ఎముకలు ఎంత నొప్పి పెడతాయో మర్రిగూడ మనిషికి నేను చెప్పాలా? మాట పోయినా నొప్పి పోదు. కనుబొమ్మలు ముడిపడటం, పళ్లు కొరకడం, తిప్పబోతే చేయి తోసేయడం, ఇవన్నీ నొప్పి గుర్తులే. దానికి మందు అడగండి. అవసరమైతే డాక్టరు పర్యవేక్షణలో మార్ఫిన్ కూడా ఇస్తారు. తెలంగాణలో జిల్లా స్థాయిలో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) కేంద్రాలు ఉన్నాయి, ఇంటికి వచ్చి చూసే బృందాలూ ఉన్నాయి. జిల్లా ఆసుపత్రిలో అడగండి. దారి దొరకకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోను చేయండి. గొట్టం గురించి ఇంత మాట్లాడిన ఇంట్లో నొప్పి గురించి ఒక్కరూ మాట్లాడకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

చట్టం గురించి భయం వద్దు. గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చిలో తీర్పు చెప్పింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. రోగి ముందుగా ఏమీ రాసిపెట్టకపోయినా, ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టే చికిత్స ఆపాలన్నా, పెట్టకూడదన్నా, ఇంటివాళ్ల సమ్మతితో రెండు వైద్య బృందాలు చూసి చెబుతాయి. గొట్టం వద్దన్న మాట, మళ్లీ న్యుమోనియా వస్తే వెంటిలేటరు దాకా వెళ్లాలా వద్దా అన్న మాట, రెండూ డాక్టరుతో కేస్‌షీట్‌లో రాయించండి. అర్ధరాత్రి ఊపిరి ఎగబీలుస్తున్నప్పుడు ఎవరో అంబులెన్సు పిలిస్తే, రాసి పెట్టుకోని మాట ఎవరికీ గుర్తుండదు.

ఆడబిడ్డ సంగతి. దూరాన ఉన్న కూతురు అమ్మను చూడలేదు, తినిపించలేదు, ఆ అపరాధభావమే తిట్టుగా బయటికి వస్తోంది. ఆమెతో వాదించకండి. ఈ వారమే అన్నయ్య ఫోను చేసి రమ్మనాలి, టికెట్ కూడా ఆయనే తీయాలి. వచ్చాక చెంచా ఆమె చేతికివ్వండి. రెండు పూటలు తినిపించి, ఆ దగ్గు దగ్గరగా విన్నాక, ముగ్గురూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లండి. మీకు తెలిసినదంతా అక్కడ చెప్పండి, దాచుకోవద్దు. అన్నాచెల్లెళ్లు తేల్చుకున్నాక కాగితం మీద సంతకం ఆయన పెడతారు. కలం మళ్లీ మీ వైపు జరిపితే తీసుకోకండి.