తెరచాప పడవల్లో ఉద్యోగం: ముందు పని, తర్వాతే ఊరు చూడటం

ప్రశ్న: మాది తాళ్లరేవు దగ్గర. మా నాన్నగారు చెక్క పడవలు కట్టేవారు. మా అబ్బాయి ఐటీఐ ఫిట్టర్ పూర్తి చేశాడు. వీడియోలు చూసి, విదేశాల్లో తెరచాప పడవల్ని సముద్రయానానికి సిద్ధం చేస్తూ, దేశాలు చూస్తానంటున్నాడు. ఒక ఏజెంటు మూడు లక్షలు అడుగుతున్నాడు. ఇది ఉద్యోగమేనా?

జవాబు: ఉద్యోగమేనండి. ఏజెంటుకు మాత్రం రూపాయి ఇవ్వకండి. ఓడ ఉద్యోగం ఇప్పించినందుకు పనివాడి దగ్గర డబ్బు తీసుకోకూడదని 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. మన దేశం కూడా దానికి ఒప్పుకుంది. నౌకాయానాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం డీజీ షిప్పింగ్ లైసెన్సు ఉన్న ఏజెన్సీల జాబితా ఆన్‌లైన్‌లో ఉంటుంది, అందులో ఆ పేరుందో లేదో చూడండి.

మీవాడు వీడియోల్లో చూసేవి చాలావరకు సొంత పడవల్లో తిరిగే జంటలవి. వాళ్ల పని వాళ్లే చేసుకుంటారు, జీతమిచ్చి ఎవరినీ పెట్టుకోరు. జీతాలుండేది పెద్ద యాట్‌లలో (విహార పడవల్లో), వాటిని బాగుచేసే యార్డుల్లో.

అక్కడ పని ఎలా ఉంటుందో అబ్బాయికి వివరంగా చెప్పండి. పడవను క్రేన్‌తో ఒడ్డుకెత్తాక అడుగున పట్టిన గుల్లలు గీకాలి, నాచు పట్టని రంగు వేయాలి, ఉప్పునీటికి లోహం తినిపోకుండా బిగించిన జింకు దిమ్మలు అరిగితే మార్చాలి. అడుగున సముద్రపు నీటికి తెరుచుకునే ప్రతి వాల్వునూ చేత్తో తిప్పి చూడాలి. అది విరిగితే రంధ్రం మూయడానికి పక్కనే ఓ కొయ్య బిరడా కట్టి ఉంచాలి. తెరచాప కొయ్య మీదికి తాడు కుర్చీలో ఎక్కి, దాన్ని నిలబెట్టే స్టీలు తీగల చివర వెంట్రుకంత పగులున్నా పట్టుకోవాలి. నడిసంద్రంలో ఆ తీగ తెగితే కొయ్యే కూలుతుంది. రంగు ఆరేలోపో, విడిభాగం కోసం ఎదురుచూసే రోజుల్లోనో ఊరు చూడొచ్చు. మన విశాఖ అమ్మాయి స్వాతి మరో ఐదుగురు నౌకాదళ అధికారిణులతో 2017-18లో నౌకాదళ తెరచాప పడవ తారిణి మీద ప్రపంచం చుట్టి వచ్చింది కదా, వాళ్లు మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగింది చుక్కాని యంత్రాంగం చెడిపోయి.

వీసా సంగతి మరవొద్దు. టూరిస్టు వీసా మీద పని చేయకూడదు. ఒకే వీసాతో తిరగనిచ్చే ఐరోపా దేశాల్లో (షెంగెన్ దేశాలంటారు) చుట్టపుచూపు వీసాతో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండనివ్వరు. పని చూపి పిలిచే యజమాని కాగితం లేకుండా విమానం ఎక్కనివ్వకండి.

ఫిట్టర్ చదువు ఇక్కడ నిజంగా పనికొస్తుంది. కాకినాడలో మరబోట్ల డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో, ఆ తర్వాత ఫైబర్ పడవల పని దగ్గర ఒక ఏడాది చేతులకు మురికి అంటించుకోమనండి. చేసిన ప్రతి పనికీ ముందూ వెనకా ఫొటోలు తీసి దాచుకోవాలి, యార్డువాళ్లకు చూపించుకోవడానికి సర్టిఫికెట్‌ కన్నా ముందు అవే పనికొస్తాయి. ఈలోగా ఇంగ్లీషు మాట్లాడటం అలవాటు చేసుకోవాలి. డీజీ షిప్పింగ్ ఆమోదించిన సంస్థలో ఎస్‌టీసీడబ్ల్యూ (ఓడ పనివాళ్ల శిక్షణకు అంతర్జాతీయ ప్రమాణం) ప్రాథమిక భద్రతా కోర్సులూ చేయాలి. గాలిని బట్టి తెరచాప తిప్పడం నేర్చుకోవడానికి హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ క్లబ్బులున్నాయి.

ఐరోపాకు దక్షిణాన ఉన్న మధ్యధరా సముద్ర తీరపు యార్డుల్లో శీతాకాలం ఒడ్డున ఉంచిన పడవలు వసంతంలో నీళ్లలోకి దిగుతాయి. మనుషులు ఎక్కువగా కావాల్సింది దానికి ముందే. కాబట్టి కాగితాలన్నీ జనవరికల్లా చేతిలో ఉండేలా చూసుకోండి.